అసలు డిస్కు, నకలు డిస్కు, మధ్యలో కాపలా

పాత ప్లేస్టేషన్ 2 కొనడానికి వెళ్తే బేరం ధర దగ్గర మొదలవదు. "చిప్ వేసిందా, వేయనిదా?" అన్న దగ్గర మొదలవుతుంది. వేసిందైతే రైట్ చేసిన డిస్కులు ఆడతాయి. వేయనిదైతే ఒరిజినలే పెట్టాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ చుట్టుపక్కల తిరిగిన ఒక తరం కుర్రాళ్లకు అంతకు మించి వివరం అక్కర్లేకపోయింది. నేనూ ఆ తరంవాణ్ణే. ఆ చిప్ లోపల ఏం చేస్తుందో, అది లేకుండా అదే పని జరిపించే దారులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏది మేలో తెలుసుకునేసరికి నా కన్సోల్ ఒకటి పాడయింది, చాలా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి అన్ని దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇన్నాళ్లూ చిప్ మంచిదా చెడ్డదా అని వాదించుకున్న మేం అసలు దోషిని వదిలేశామనిపిస్తోంది. ఆ దోషి డిస్కు.

ముందు 'బ్యాకప్' అన్న మాట సంగతి తేల్చుకోవాలి. కొన్న డిస్కుకు గీతలు పడతాయి, పిల్లలున్న ఇంట్లో మరీ త్వరగా. నకలు ఒకటి తీసి దాంతో ఆడుకుంటూ అసలుది బీరువాలో దాచుకుంటే అది బ్యాకప్. ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మేది దొంగ కాపీ. ఈ తేడా మనకు తెలుసు, కన్సోల్‌కు తెలియదు. దాని దృష్టిలో రెండూ రైటర్లోంచి వచ్చినవే. ముప్పై ఏళ్ల ఈ కథంతా ఆ చిక్కు చుట్టూనే తిరిగింది.

1994 డిసెంబరు 3న సోనీ జపాన్‌లో మొదటి ప్లేస్టేషన్‌ను విడుదల చేసింది. అంతకుముందు ఆటలు ఎక్కువగా కార్ట్రిడ్జుల్లో వచ్చేవి. వాటితో పోలిస్తే సీడీ బాగా చవక, పట్టేది కూడా చాలా ఎక్కువ. కానీ అదే కాలంలో సీడీ రైటర్లు ఇళ్లలోకి రావడం మొదలైంది. అందుకని సోనీ ఒక కాపలా పెట్టింది. ప్లేస్టేషన్ డిస్కుల అడుగు నల్లగా ఉండేది కదా, కాపలా అదేనని అందరం నమ్మాం. ఖాళీ నల్ల సీడీలు వెతికి కొన్నవాళ్లూ నాకు తెలుసు. పాపం, డబ్బు దండగ. సీడీ లేజరుది పరారుణ కాంతి, 780 నానోమీటర్లు. మన కంటికి నల్లగా కనిపించే ఆ ప్లాస్టిక్ దానికి గాజు పలకతో సమానం. ఆ నలుపు ఉత్త సోకు.

అసలు కాపలా డిస్కు లోపలి అంచున ఉంది. సీడీ మీద సమాచారమంతా చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడిలో ఉంటుంది. ఆట డేటా మొదలయ్యే ముందు, మధ్య చిల్లుకు దగ్గరగా, ఏది ఎక్కడ ఉందో రాసుకునే విషయసూచిక లాంటి పట్టీ ఒకటి ఉంటుంది. సోనీ తన ఫ్యాక్టరీలో ఆ పట్టీలోని గాడిని సన్నగా అటూ ఇటూ ఊగేట్టు చెక్కించింది. ఆ ఊపులో నాలుగు అక్షరాలు దాగి ఉంటాయి. జపాన్ డిస్కయితే ఎస్‌సీఈఐ, అమెరికాదైతే ఎస్‌సీఈఏ, ఐరోపాదైతే ఎస్‌సీఈఈ. డ్రైవు ఈ అక్షరాలను సెకనుకు 250 బిట్ల చొప్పున, తాపీగా కూడబలుక్కుని చదువుతుంది. సరిపోతే ఆట మొదలవుతుంది. రైటర్లో కాపీ కొడితే డేటా పొల్లుపోకుండా వస్తుంది గానీ ఈ ఊపు రాదు. ఖాళీ సీడీలో గాడి ముందే వేసి ఉంటుంది. రైటర్ ఆ గాడి వెంట పోవాల్సిందే, సొంతంగా మెలికలు తిరగలేదు. దస్తావేజులో రాతంతా దించుకోవచ్చు, కింద ఉన్న వేలిముద్రను దించుకోలేం. ఇదీ అంతే.

చాలా తెలివైన ఏర్పాటు, నేను ఒప్పుకుంటాను. దాని బలహీనత ఏమిటంటే, వేలిముద్రను డిస్కు పెట్టగానే ఒకసారి చూస్తుంది, తర్వాత పట్టించుకోదు.

దాంతో మొదటి దారి దానంతటదే దొరికింది. మూత మూసి ఉందని చెప్పే చిన్న బటన్‌ను పుల్లతోనో స్ప్రింగుతోనో నొక్కిపెట్టి, ఒరిజినల్ డిస్కు పెట్టి, కాపలా చూడ్డం అయిపోగానే తిరుగుతున్న డిస్కును వేళ్లతో లేపి నకలును దించడం. దీన్నే 'స్వాప్' అన్నారు. ఎప్పుడు మార్చాలో మోటారు చప్పుడును బట్టి కనిపెట్టాలి. తొలి మోడళ్లలో రెండుసార్లు మార్చాలి కూడా. ఖర్చు లేదు, టంకం లేదు, కన్సోల్ విప్పక్కర్లేదు. కానీ ఆలోచించండి: అసలు డిస్కు పాడవకూడదని నకలు తీసుకున్నాం, ఆ నకలు ఆడించడానికి రోజూ ఏదో ఒక అసలు డిస్కునే తిరుగుతుండగా పీకుతున్నాం! మోటారుకూ నష్టమే. తర్వాతి మోడళ్లలో సోనీ ఈ సందు చాలావరకు మూసేసింది. మూయకపోయినా నేను దీన్ని లెక్కలోకి తీసుకోను. ఇది దారి కాదు, గారడీ.

రెండోది మోడ్‌చిప్. మొదటి తరం చిప్‌లలో చాలావరకు మైక్రోచిప్ కంపెనీ అమ్మే ఎనిమిది కాళ్ల పిక్ 12సీ508 మైక్రోకంట్రోలర్లే. బజారులో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు సరుకు. అందులో చిన్న ప్రోగ్రాం రాసి, నాలుగైదు తీగలతో కన్సోల్ బోర్డుకు అతికిస్తారు. అది చేసేదల్లా ఒకటే పని. డ్రైవు వేలిముద్ర కోసం చూసే తీగ మీద ఆ నాలుగు అక్షరాలను తానే జపిస్తూ ఉంటుంది. డిస్కు మౌనంగా ఉన్నా, చిప్ పలికిన మాటను డిస్కు మాటే అనుకుని డ్రైవు తలుపు తీస్తుంది. దీనివల్ల ఇంకొక లాభమూ ఉంది. చిప్ ఎప్పుడూ స్థానిక అక్షరాలే పలుకుతుంది కాబట్టి, జపాన్ నుంచో అమెరికా నుంచో తెప్పించుకున్న ఒరిజినల్ డిస్కులూ ఆడతాయి. న్యాయంగా కొన్న ఆటను ఆడుకోవడానికి కూడా చిప్ వేయించుకోవలసి వచ్చిందంటే ఆ తప్పు కొన్నవాడిది మాత్రం కాదు.

ఆట తయారు చేసేవాళ్లు ఊరుకోలేదు. చిప్ ఆపకుండా జపిస్తుందన్న సంగతినే వాళ్లు పట్టుకున్నారు. ఆట మధ్యలో, వేలిముద్ర ఉండకూడని చోట కూడా ఆ అక్షరాలు వినిపిస్తున్నాయా అని ఆటే పరీక్ష పెడుతుంది. వినిపించాయా, దొంగ దొరికినట్టే. కన్సోల్‌ను మార్చినట్టుందన్న హెచ్చరిక తెర మీదికి వచ్చి ఆట ఆగిపోతుంది. 1999 నాటి జపాన్ ఆటల్లో ఇది కనిపించడం మొదలైంది. దానికి జవాబుగా 'స్టెల్త్' చిప్‌లు వచ్చాయి. కాపలా అడిగినప్పుడే పలికి, తలుపు తెరుచుకోగానే నోరు మూసుకునేవి. పాతవాటి కంటే ఇవి నయం. పాత కన్సోల్‌లో ఇప్పుడు చిప్ వేయించేవారు అడగాల్సింది ఈ రకం గురించే.

ఈ పోరులో నాకు ముచ్చట గొలిపిన ఘట్టం 2000లో వచ్చిన 'స్పైరో: ఇయర్ ఆఫ్ ద డ్రాగన్'. నకలని పసిగట్టినా ఆ ఆట వెంటనే ఆగిపోదు. ఆగితే, ఆటను మార్చి ఆ పరీక్షకు గండి కొట్టేవాడికి అది ఎక్కడ ఉందో తెలిసిపోతుంది కదా. అందుకని ఒక దేవకన్య వచ్చి ఇది మార్చిన ఆటలా ఉందే అని మెల్లగా హెచ్చరిస్తుంది. ఆడనిస్తుంది. తర్వాత కష్టపడి పోగుచేసిన గుడ్లు మాయమవుతుంటాయి, ఇంకేవేవో చిత్రాలు జరుగుతాయి. ఆడేవాడు విసిగిపోవాలి, గండికొట్టేవాడు తికమకపడాలి. పూర్తిగా గండి కొట్టడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అమ్మకాల్లో పెద్ద భాగం మొదటి నెలల్లోనే జరిగే వ్యాపారంలో రెండు నెలలంటే గెలుపే.

సెగా డ్రీమ్‌కాస్ట్ సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే దాన్ని మార్చే అవసరమే రాలేదు. ఒక గిగాబైటు పట్టే జీడీ-రామ్ అనే సొంత డిస్కు పెట్టుకున్నారు, మామూలు రైటర్ దాన్ని రాయలేదు, కోట కట్టినట్టే. కానీ పాటల సీడీల్లో బొమ్మలూ మెనూలూ చేర్చే మిల్-సీడీ అన్న పద్ధతి కోసం మామూలు సీడీ నుంచి కూడా ప్రోగ్రాం నడిచేలా పెరటి తలుపు తెరిచి ఉంచారు. 2000లో ఒక బృందం ఆ తలుపు గుండా నడిచొచ్చింది. చిప్ లేదు, టంకం లేదు, పట్టకపోతే ఆట కొంత కత్తిరించి సీడీకి ఎక్కించేవారు. కొత్తగా తయారైన కన్సోళ్లలో సెగా ఆ తలుపు మూసేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

ఇక ప్లేస్టేషన్ 2. 2000 మార్చి 4న మొదలై 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన ఇళ్లలోకి వచ్చిన మొదటి 'పెద్ద' కన్సోల్ ఇదే. ఇందులో డిస్కును పరీక్షించే చిప్ మరింత గట్టిది, మెమరీ కార్డుకు కూడా 'మ్యాజిక్‌గేట్' అనే తాళం ఉంది. కాబట్టి మోడ్‌చిప్ పనీ పెరిగింది. మెసయా, డీఎంఎస్, మ్యాట్రిక్స్ ఇన్ఫినిటీ లాంటి చిప్‌లకు ఇరవై తీగల దాకా అతికించాలి, తలవెంట్రుకంత సన్నవి, చీమ తలంత చుక్కల మీద. బోర్డు వెర్షన్ మారితే అతికించే చోట్లూ మారతాయి. బాగా అతికితే దీనంత సుఖం లేదు. ఏ డిస్కు పెట్టినా ఆడుతుంది, ఇంట్లో చిన్నపిల్లాడు కూడా పెట్టుకోగలడు. సౌకర్యం ఒక్కటే కొలతైతే ఈ సమీక్ష ఇక్కడితో అయిపోయేది.

నాది బాగా అతకలేదు. స్లిమ్ మోడల్ తీసుకెళ్లి ఒక మెట్ల కింది కొట్లో ఇచ్చాను. సాయంత్రానికి చేతికొచ్చింది, ఆట ఆడింది, ఇంటిల్లిపాదీ చూశారు. నాలుగు నెలలకు డిస్కు పెడితే టక్ టక్ మని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. పట్టుకెళ్లి "అన్నా, లెన్స్ పోయినట్టుంది, చిప్ వల్లేనా?" అన్నాను. ఆయన భూతద్దం పెట్టుకుని తల ఎత్తకుండానే "చిప్పుతోని కాదు తమ్మీ, నువ్వేసే చీపు డిస్కులతోని" అన్నాడు. అప్పుడు ఒళ్లు మండింది. కొన్ని ప్లేస్టేషన్ 2 మోడళ్లలో చిప్ వేశాక లేజరు కాలిపోవడం ప్రపంచమంతటా తెలిసిన జబ్బేననీ, దానికి విరుగుడుగా చిన్న సర్క్యూట్ ఒకటి అదనంగా వేసేవారనీ తర్వాత తెలిసింది. అది ఆయన వేయలేదు. కానీ ఆయన మాటలో సగం నిజముంది. రైట్ చేసిన డిస్కు మీద లేజరు కాంతి అచ్చు డిస్కు మీదంత బాగా తిరిగి రాదు. తిరగరాసే రకమైతే మరీ కనాకష్టం. నాసిరకం ఖాళీ డిస్కు, దాన్ని గరిష్ఠ వేగంతో రాయడం, వయసు మళ్లిన లెన్స్, మూడూ కలిస్తే డ్రైవు మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ అలసిపోతుంది. మొదటి ప్లేస్టేషన్ తొలి మోడళ్లలో లేజరు బండి జరిగే ప్లాస్టిక్ పట్టాలు అరిగిపోయి, కన్సోల్‌ను తలకిందులుగా బోర్లించి ఆడేవారు. అది చూసినవాళ్లకు ఈ కష్టం చెప్పక్కర్లేదు.

చిప్ భయం ఉన్నవాళ్ల కోసం ప్లేస్టేషన్ 2కి కూడా స్వాప్ వచ్చింది, ఈసారి పొట్లం కట్టిన సరుకుగా. స్వాప్ మ్యాజిక్ అనే డిస్కు కాపలా దాటి లోపలికి వెళ్తుంది, ఇప్పుడు డిస్కు మార్చు అంటుంది. ట్రే బటన్ నొక్కితే కన్సోల్‌కు తెలిసిపోతుంది కాబట్టి పల్చటి ప్లాస్టిక్ పట్టీని ట్రే కిందికి దూర్చి, దొంగచాటుగా లాగాలి. స్లిమ్‌లో మూత సెన్సర్లను మూసేస్తే చాలు. పాత గారడీ కంటే ఇది మర్యాదగా ఉంటుంది గానీ, ప్రతి ఆటకూ ఆ తతంగం ఎవరు చేస్తారు?

అసలు మలుపు వేరే చోట వచ్చింది. లావు ప్లేస్టేషన్ 2 వెనక హార్డ్‌డిస్కు పెట్టుకునే అర ఉంది. 2004 ప్రాంతంలో వచ్చిన హెచ్‌డీ లోడర్ అనే ప్రోగ్రాం, కొన్న ఆటను ఆ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి అక్కణ్ణించే నడిపింది. తర్వాత అదే పనిని ఉచితంగా చేసే ఓపెన్ పీఎస్2 లోడర్ వచ్చి పెన్‌డ్రైవుకూ, నెట్‌వర్క్ తీగకూ దారి తీసింది. గమనించారా, ఇక్కడ కాపలాను మోసం చేయడం లేదు. డిస్కే లేనప్పుడు డిస్కును పరీక్షించేవాడికి పనేముంది?

ఈ ప్రోగ్రాంను కన్సోల్‌లో ఎలా నడపాలి అన్నదే మిగిలిన ప్రశ్న. దానికి 2008లో ఫ్రీ మెక్‌బూట్ అనే మెమరీ కార్డు పద్ధతి వచ్చింది. సోనీ తన సొంత సిస్టం అప్‌డేట్లను మెమరీ కార్డు నుంచి నడిపించే ఏర్పాటు పెట్టుకుంది. ఈ పద్ధతి ఆ ఏర్పాటునే వాడుకుంటుంది. కార్డు గుచ్చి కరెంటు పెడితే చాలు, కన్సోల్‌ను విప్పే పనే లేదు. చివరి స్లిమ్ 90000 వరసలోని కొత్త బయాస్ (కన్సోల్‌ను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రాం) ఉన్నవాటికి తప్ప అన్నిటికీ పనిచేస్తుంది. కొనేముందు అడుగున అంటించిన స్టిక్కరు మీద మోడల్ నంబరు చూసుకోవాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ కార్డు తయారు చేసుకోవాలంటే అప్పటికే గండి పడిన కన్సోల్ ఒకటి కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా? 2020 జూన్‌లో ఫ్రీడీవీడీబూట్ ఆ ముడి విప్పింది. ప్లేస్టేషన్ 2 సినిమా డీవీడీలు కూడా ఆడుతుంది కదా, ఆ సినిమా ప్లేయర్లోని పొరపాటును పట్టుకుని, రైట్ చేసిన ఒక డీవీడీతోనే లోపలికి వెళ్లే దారి అది. సినిమా డిస్కుకు వేలిముద్ర ఎవరూ అడగరు. అంతకుముందే వచ్చిన ఈఎస్ఆర్ కూడా ఈ కిటుకు మీదే బతికింది. ఆట డిస్కుకు సినిమా డిస్కు వేషం వేసి డ్రైవును ఒప్పించేది.

ఈ గాలి వెనక్కి మళ్లి మొదటి ప్లేస్టేషన్‌నూ తాకింది. 2021లో వచ్చిన టోనీహాక్స్ అనే పద్ధతి, టోనీ హాక్ స్కేటింగ్ ఆటల సేవ్ ఫైలులో తప్పుడు డేటా పెట్టి లోపలికి చొరబడి, డ్రైవులోనే దాగి ఉన్న రహస్య ఆజ్ఞతో కాపలాను లేపేస్తుంది. ఆ ఆజ్ఞ జపాన్ కన్సోళ్లలో పనిచేయదు. మొదట్నుంచీ డ్రైవుకు తెలిసిన మంత్రాన్ని కనిపెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది, అప్పటికి చిప్‌ల దుకాణాలు మూతపడ్డాయి. ఇంకొందరు డ్రైవునే పీకేసి ఆ చోట ఎస్‌డీ కార్డు చదివే బోర్డు పెడుతున్నారు. ఎక్స్‌స్టేషన్ అలాంటిదే. ఖర్చెక్కువ, టంకం తప్పదు, కానీ అరిగే భాగం ఒక్కటీ ఉండదు. లెన్స్ చచ్చిపోయిన కన్సోల్‌కు నా ఓటు దీనికే.

చట్టం ఏమంటోంది? దేశానికొక మాట. ఆస్ట్రేలియాలో ఎడ్డీ స్టీవెన్స్ అనే ఆయన చిప్‌లు వేస్తుంటే సోనీ కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఆయన గెలిచాడు, అప్పీలులో సోనీ గెలిచింది, 2005 అక్టోబరులో హైకోర్టు మళ్లీ ఆయన వైపే తీర్పిచ్చింది. వేలిముద్ర పరీక్ష కాపీ తీయడాన్ని ఆపడం లేదు, కాపీని ఆడనివ్వకుండా మాత్రమే ఆపుతోంది, కాబట్టి చట్టం చెప్పిన రక్షణ ఇది కాదు అన్నది సారాంశం. మరుసటి ఏడే అక్కడ చట్టాన్ని మార్చారు. ఇంగ్లండులో 2004లోనే మెసయా చిప్ అమ్మినాయన ఓడిపోయాడు. అమెరికాలో 1998 నాటి చట్టం తాళం తీసే పరికరాల అమ్మకాన్నే నిషేధించింది.

మన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్, న్యాయంగా తన దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రాంకు పోతుందేమో, పాడవుతుందేమో అన్న భయంతో బ్యాకప్ తీసుకోవడాన్ని తప్పనదు. ఆటంటే ప్రోగ్రాం ఒక్కటే కాదు, బొమ్మలూ సంగీతమూ కూడా, వాటికీ ఈ మినహాయింపు అందుతుందా అన్నది వకీళ్లు వాదించుకోవాల్సిన సంగతి. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. ఉద్దేశం అన్న మాట ముఖ్యం. చట్టం నిషేధించని పని కోసమైతే తీయవచ్చు, కానీ తీసిపెట్టేవాడు ఎవరికి తీశాడో వాళ్ల పేరు, చిరునామా, ఎందుకు తీశాడో పూర్తిగా రాసిపెట్టుకోవాలట. మా మెట్ల కింది కొట్లో రిజిస్టరు తీసి "పేరు చెప్పు తమ్మీ, ఎందుకేస్తున్నవో చెప్పు" అని అడగడాన్ని ఊహించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాతి తరం కన్సోళ్ల జోలికి నేను పోవడం లేదు. అక్కడ కాపలా ఇంటర్నెట్ అవతల కూర్చుంది, ఒక్కసారి చూసి ఊరుకోదు. ఎక్స్‌బాక్స్ 360లో డ్రైవు ఫర్మ్‌వేరు మార్చుకున్నవాళ్లను 2009 నవంబరులో మైక్రోసాఫ్ట్ పెద్దఎత్తున ఆన్‌లైన్ నుంచి వెలివేసింది. ఆ లెక్కలు వేరు.

ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ప్లేస్టేషన్ 2కి చిప్ వద్దంటాను. ముందే వేసి ఉంటే పీకొద్దు, లేకపోతే వేయించొద్దు. మెమరీ కార్డు చాలు. మొదటి ప్లేస్టేషన్ లెన్స్ బాగుంటే స్టెల్త్ చిప్, చెడితే ఎస్‌డీ కార్డు బోర్డు. స్వాప్ ఎవరికీ చెప్పను.

నేను బ్యాకప్ తీసి తీరాలనుకున్న డిస్కు ఒకటే ఒకటి ఉంది. 'హనుమాన్: బాయ్ వారియర్'. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ తయారుచేస్తే 2009లో సోనీ ఐరోపా విభాగం ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారై కన్సోల్ ఎక్కిన తొలి ఆటగా దాని పేరు చెబుతారు. ఆటగా గొప్పదేం కాదు. కానీ మన ఊళ్లో పుట్టింది, మళ్లీ అచ్చు వేసే నాథుడు లేడు, నా డిస్కు మీద అప్పటికే రెండు గీతలు. కంప్యూటర్ డ్రైవులో పెట్టి నకలు తీశాను, పెన్‌డ్రైవులోకి ఎక్కించాను, డిస్కును పెట్టెలో పెట్టి బీరువాలో దాచాను. ప్లేస్టేషన్ 2 యూఎస్‌బీ పాత 1.1 రకం, సెకనుకు ఎంత లాగినా ఒకటిన్నర మెగాబైటు దాటదు. దాని డీవీడీ డ్రైవు ఐదు దాకా అందిస్తుంది. దాంతో వీడియో వచ్చిన చోటల్లా బొమ్మ ఆగుతూ, మాట తెగుతూ, వాయుపుత్రుడు నత్తనడకన దిగాడు. నెట్‌వర్క్ తీగ కొనాలి.